బోరు నీళ్లలో హైడ్రోజెల్ పూసలు వేశాం: రంగు పోయింది, ఫ్లోరైడ్ పోలేదు. ఎందుకు?

కనిగిరి కుర్రోడు
అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ ఫైనలియర్. మాది కనిగిరి దగ్గర పల్లె. ముగ్గురం కలిసి ప్రాజెక్టు చేస్తున్నాం, హైడ్రోజెల్‌తో నీటి శుద్ధి. సోడియం ఆల్జినేట్ పొడి కొని, నీళ్లలో పల్చటి గంజిలా కలిపి, సిరంజితో కాల్షియం క్లోరైడ్ నీళ్లలో చుక్కలుగా వదిలాం. చుక్క పడీ పడగానే ఉడికిన సగ్గుబియ్యం గింజలా తయారైంది. చూడ్డానికి భలే ఉంటుంది.

ముందు మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు కలిపిన నీళ్లలో వేశాం. తెల్లారేసరికి నీలమంతా పూసల్లోకి ఎక్కేసింది, నీళ్లు తేటగా అయిపోయాయి. వీడియో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాం. అదే ఊపులో మా ఊరి బోరు నీళ్లలో వేసి ఫ్లోరైడ్ కిట్‌తో చూస్తే, ముందు ఏ రంగు వచ్చిందో తర్వాతా అదే రంగు. మూడుసార్లు చేశాం, అంతే. పైగా రెండో రోజుకి పూసలు ఉబ్బి, పట్టుకుంటే చితికిపోతున్నాయి.

ఈ ఫ్లోరైడ్ నీళ్లు తాగే మా నాయనమ్మ నడుం వంగిపోయి ఇరవై ఏళ్లయింది. అందుకే ఈ టాపిక్ తీసుకున్నా. వైవాకి ఇంకా నెల కూడా లేదు, టెన్షన్‌గా ఉంది. తప్పెక్కడ జరిగింది?

దర్శి డౌటు
తప్పు స్టేటస్ పెట్టడంలో జరిగింది తమ్ముడూ. అది తీసెయ్, మిగతాది పెద్దలు చెప్తారు.

ఒంగోలు అక్క
నేను పాలిమర్ కెమిస్ట్రీలో పనిచేశాను, అందుకని కాస్త వివరంగా రాస్తా. మీ చేతిలో ఏ తప్పూ లేదు. పట్టాల్సిన వస్తువు మారింది, జెల్ మాత్రం మారలేదు.

హైడ్రోజెల్ అంటే పొడుగాటి పాలిమర్ గొలుసులు అక్కడక్కడా ముడిపడి వలలా తయారైన పదార్థం. ఆ గొలుసులకి నీళ్లంటే ఇష్టం కాబట్టి నీళ్లు లోపలికి వస్తాయి. ముళ్లు ఉన్నాయి కాబట్టి వల కరిగిపోదు, ఉబ్బుతుంది. మీరు వాడిన ఆల్జినేట్ సముద్రపు గోధుమరంగు నాచు నుంచి తీస్తారు. దాని గొలుసు నిండా కార్బాక్సిలేట్ గుంపులు, అంటే ఋణావేశం. రెండు చేతులున్న కాల్షియం వచ్చి రెండు గొలుసుల్ని కలిపి పట్టుకుంటుంది, అందుకే చుక్క గింజ అవుతుంది. గొలుసుల మధ్య గుంటల్లో కాల్షియం కూర్చునే తీరు చూసి దీన్ని గుడ్ల అట్టపెట్టెతో పోలుస్తారు.

ఇప్పుడు మీరు వేసిన వాటి సంగతి. మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు. ఋణావేశపు వల కనపడగానే వెళ్లి అతుక్కుంటుంది. సీసం, రాగి అయాన్లు కూడా అంతే. ఫ్లోరైడ్ ఋణావేశం. మైనస్‌ని పట్టడానికి మైనస్ వల వేశారు. అది పట్టుకోకపోగా నెట్టేస్తుంది.

పూసలు చితకడానికి కారణం వేరే. మన వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లలో సాధారణంగా సోడియం, బైకార్బనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆ సోడియం మెల్లగా కాల్షియాన్ని పక్కకి తోసి దాని చోట్లో కూర్చుంటుంది. సోడియానికి ఒకటే చెయ్యి, రెండు గొలుసుల్ని పట్టుకోలేదు. ముళ్లు ఊడిపోతాయి, పూస ఉబ్బి మెత్తబడుతుంది.

పొదలకూరు నిమ్మతోట
నాకొక సందేహం అక్కా. హైడ్రోజెల్ అని నేను నిమ్మ మొక్కల పాదుల్లో వేసినా, పూసా వాళ్లదని ఇచ్చినారు. పొడి వేసి నీళ్లు పోస్తే గంజిముద్దలాగా ఉబ్బింది. ఇదీ అదీ ఒకటేనా? ఒకటే అయితే నా దగ్గిర అర సంచీ మిగిలుండాది, ఆ అబ్బాయికి పంపిస్తా.

ఒంగోలు అక్క
మీ మనసు మంచిది గానీ పంపకండన్నా. అది ఢిల్లీ పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐ వాళ్లు పొలం కోసం చేసింది. తన బరువుకి కొన్ని వందల రెట్లు నీళ్లు పీల్చి, వేళ్లకి మెల్లగా వదులుతుంది. దాని పని నీళ్లు దాచడం, శుభ్రం చేయడం కాదు. పిల్లల డైపర్‌లో ఉండే సోడియం పాలిఅక్రిలేట్ కూడా ఇదే కుటుంబం. కుటుంబం ఒకటే, ఉద్యోగాలు వేరు.

ఒక మాట, మీ బోరు ఉప్పుగా ఉంటే ఆ జెల్ చెప్పినంత ఉబ్బదు. గొలుసుల మీది ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్లే వల విచ్చుకుంటుంది. ఉప్పు మధ్యలో దూరితే ఆ నెట్టుడు తగ్గిపోతుంది.

పొదలకూరు నిమ్మతోట
అదా సంగతి! ఎగువ చేలో ఉబ్బినంత దిగువ బోరు కింద ఉబ్బలేదు. కల్తీ మాల్ అని అంగడాయన్ని తిట్టొచ్చినా.

రిటైర్డ్ ఏఈ
నేను గ్రామీణ నీటి సరఫరాలో ముప్ఫై ఏళ్లు పనిచేసి దిగాను. కుర్రాళ్లకి ఒక విషయం తెలియాలి. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లకి, ఎముకలకి వచ్చే జబ్బు గురించి వైద్య పత్రికల్లో మొదట రాసింది మన నేల మీదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉందని ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు కిందే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత దానికే ప్రకాశం అని పేరు పెట్టారు) ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. అంటే బాబూ, మీ నాయనమ్మ పుట్టకముందే ఈ జబ్బుకి కాగితం మీద పేరుంది.

ఇది ఏ ఫ్యాక్టరీ వదిలింది కాదు. మన అడుగున ఉన్న రాయిలోనే ఫ్లోరైడ్ ఖనిజాలు ఉన్నాయి. నీళ్లు రాతిని ఒరుసుకుంటూ ఎన్నేళ్లు నిలవుంటే అంత పట్టుకుంటాయి. నీళ్లలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ దాంతో కలిసి కిందకి దిగిపోతుంది. కాల్షియం తక్కువ, బైకార్బనేట్ ఎక్కువ అయితే నీళ్లలోనే ఉండిపోతుంది. పై అక్కయ్య చెప్పింది ఇదే.

లెక్క కూడా గుర్తుపెట్టుకో, వైవాలో అడుగుతారు. మన దేశపు తాగునీటి ప్రమాణం బీఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మి.గ్రా. దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కూడా 1.5.

వంటింటి వాణి
జెల్లు, వలలు మీరు చూసుకోండి. మా ఇంట్లో బోరు నీళ్లు మరగబెట్టి తాగుతున్నాం. మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందా? సూటిగా చెప్పండి.

రిటైర్డ్ ఏఈ
పోదమ్మా. పురుగులు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకాస్త చిక్కబడుతుంది. తాగడానికి, వంటకి మాత్రం క్యాన్ నీళ్లో, పైపు ద్వారా వచ్చే నది నీళ్లో, ఒడిసిపట్టిన వాన నీళ్లో వాడండి. స్నానానికి, బట్టలకి బోరు నీళ్లు వాడితే ఇబ్బంది లేదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే మరీ జాగ్రత్త. అసలు పళ్లు చిగురు లోపల తయారయ్యేటప్పుడే గార మచ్చలు పడతాయి, తర్వాత ఎంత తోమినా పోవు.

వంటింటి వాణి
వంటకి కూడానా! మేము తాగడానికే క్యాన్ కొంటాం, పప్పు ఉడకేసేది బోరు నీళ్లతోనే.

రిటైర్డ్ ఏఈ
అందరూ చేసేది అదే తల్లీ. అన్నం, పప్పు ఎన్ని నీళ్లు తాగుతాయో ఆలోచించు. టీ సంగతి చెప్పక్కర్లేదు, తేయాకులోనే కొంత ఫ్లోరైడ్ ఉంటుంది.

అల్లూరు రొయ్య
మాది అల్లూరు వైపు, వనామీ చెరువులు. రొయ్యల పొట్టుతో జెల్ చేస్తారని ఎక్కడో విన్నా, నిజమేనా? రొయ్యలో తల, పొట్టు కలిపితే బరువు సగానికి దగ్గరగా పోతుంది. ఎండలో వేస్తే ఊరంతా తిట్టుకుంటారు. దానికి రేటు వస్తదంటే మేమే ఆరబెట్టి ఇస్తాం. ఇంకోటి, ఆ జెల్ చెరువులో వేస్తే అమ్మోనియా లాగేస్తుందా? రాత్రి ఏరేటర్ ఆగితే ప్రాణం పోతా ఉండాది.

ఒంగోలు అక్క
నిజమే. పొట్టులో కైటిన్ ఉంటుంది. యాసిడ్‌లో నానబెడితే సున్నం పోతుంది, పల్చటి క్షారంతో మాంసకృత్తులు పోతాయి, తర్వాత బాగా ఘాటైన వేడి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే చిటోసాన్ వస్తుంది. దాని గొలుసు మీద అమీన్ గుంపులు ఉంటాయి. నీళ్లు కాస్త పులుపుగా ఉంటే వాటికి ధనావేశం వస్తుంది, ఋణావేశపు రంగుల్ని, క్రోమియం ఆరు అనే విషపు రకం క్రోమియాన్ని పట్టేస్తుంది. రాగి లాంటి లోహాలు అమీన్‌కి నేరుగా అతుక్కుంటాయి. చీరాల వైపు నూలు అద్దకంలో వాడే రియాక్టివ్ రంగులు ఋణావేశపువే, అక్కడ ఆల్జినేట్ కంటే చిటోసాన్‌దే పైచేయి.

కానీ ఇంట్లో ప్రయత్నించకండి అన్నా, ఆ కాస్టిక్ కంట్లో పడితే కన్ను పోతుంది. ఇక ఆ యాసిడ్, క్షారం కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు? నీళ్లు శుభ్రం చేసే మందు తయారుచేయడానికి నీళ్లు పాడుచేస్తే ఎట్లా? ఈ మాట పరిశోధన పేపర్లలో చివరి పేరాలో కూడా కనపడదు, నాకు అదే కోపం.

చెరువులో అమ్మోనియాకి మాత్రం ఆశ పెట్టుకోకండి. ఒక ఎకరం చెరువు నాలుగడుగుల లోతుంటే దాదాపు 49 లక్షల లీటర్లు. అందులో ఉప్పు నీళ్ల సోడియం అమ్మోనియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. జెల్ మీద ఉన్న చోట్లన్నీ సోడియమే ఆక్రమిస్తుంది. ఏరేటర్‌కి జనరేటర్ పెట్టుకోండి, మేత తగ్గించండి. మీకు తెలియనిది కాదు.

అల్లూరు రొయ్య
సరే అక్కా. మేత మాట మా కంపెనీ టెక్నీషియన్ మాత్రం చెప్పడు.

శుద్ధజలం సేల్స్
మా వద్ద నానో మ్యాజిక్ జెల్ బాల్స్ కలవు. ఒక్క బాల్ బిందెలో వేస్తే ఫ్లోరైడ్, క్యాన్సర్, షుగర్

నిర్వాహకుడు
పై ప్రకటన మిగతా భాగం తీసేశాం. నంబర్లు పెట్టొద్దని మూడోసారి చెప్తున్నాం. బిందెలో బాల్ వేస్తే షుగర్ తగ్గుతుందన్న ముక్క మాత్రం నవ్వుకోడానికి ఉంచాం.

దర్శి డౌటు
ఇప్పుడు నేను సీరియస్‌గా అడుగుతున్నా. నీళ్ల శుద్ధికి జెల్ అన్న ప్రతి పేపర్‌లోనూ మిథిలీన్ బ్లూయే ఎందుకు? తేలిగ్గా అతుక్కుంటుంది కాబట్టి, ఫొటో బాగుంటుంది కాబట్టి. ఎవరైనా కనిగిరి బోరు నీళ్లతో చేశారా? డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ కలిపి తీసేశాం అంటే నాకు లెక్కలేదు. బోరు నీళ్లలో బైకార్బనేట్, సల్ఫేట్ అన్నీ పోటీకి వస్తాయి.

ఒక లెక్క వేద్దాం. మంచి జెల్ ఒకటి దొరికి, అసలు నీళ్లలో గ్రాముకి 2 మి.గ్రా. ఫ్లోరైడ్ పట్టిందనుకుందాం. నీళ్లలో లీటరుకి 4 ఉంది, 1కి దించాలి. లీటరుకి 3 తీయాలి, ఇరవై లీటర్ల క్యాన్‌కి 60. అంటే రోజూ 30 గ్రాముల ఎండు జెల్, నెలకి దాదాపు కిలో. ఇంటికి కిలో! ఎవరు కొంటారు, వాడేసింది ఎవరు తీసుకెళ్తారు?

ఒంగోలు అక్క
లెక్క సరిగ్గానే వేశావు, కాదనను. కిలోని పారేయకుండా పల్చటి కాస్టిక్‌తో కడిగి మళ్లీ వాడాలి. అప్పుడు జెల్ పట్టిందంతా ఆ కడుగు నీళ్లలోకి వస్తుంది. అది తూములో పోస్తే మొదటికే వచ్చాం.

అయినా హైడ్రోజెల్ అంటే బూటకం అనుకోవద్దు. చోటు చూసి వాడాలి. బెంగళూరు ఐఐఎస్‌సీలో చిటోసాన్, పాలివినైల్ ఆల్కహాల్, పాలిఅనిలిన్ మూడు వలలు ఒకదాన్లో ఒకటి అల్లి, రాగి కలిపిన ఉత్ప్రేరకం పొదిగి, మైక్రోప్లాస్టిక్ రేణువుల్ని పట్టి అల్ట్రావయొలెట్ కాంతితో విడగొట్టే జెల్ చేశారు. దాదాపు తటస్థంగా ఉన్న నీళ్లలో రెండు రకాల ప్లాస్టిక్‌ని 93, 95 శాతం దాకా తీసింది. అక్కడ పట్టుకున్నదాన్ని అక్కడే ముక్కలు చేస్తుంది, అదే దాని గొప్ప.

ఇంకోటి మన ఎండకి పనికొచ్చేది. 2018లో టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు పాలివినైల్ ఆల్కహాల్, పాలిపిర్రోల్ కలిపి నల్లటి జెల్ చేశారు. అది నీళ్ల మీద తేలుతూ ఎండని మింగి నీళ్లని ఆవిరి చేస్తుంది. జెల్ లోపల ఇరుక్కున్న నీళ్లు మామూలు నీళ్ల కంటే తక్కువ శక్తితో ఆవిరవుతాయి. ఉప్పు నీళ్ల మీద చదరపు మీటరుకి రోజుకి 18 నుంచి 23 లీటర్లు వచ్చాయని రాశారు. ఇందులో ప్లస్, మైనస్ గొడవ లేదు. ఆవిరి పైకెళ్తుంది, ఫ్లోరైడ్ అడుగునే ఉంటుంది.

దర్శి డౌటు
ఆ రెండోది నాకు నచ్చింది. మా మేడ మీద మే నెలలో చెప్పులు కరిగే ఎండ.

కనిగిరి కుర్రోడు
అక్కా, సార్, మీరు చెప్పింది మా మేడంకి చూపించా. ప్లస్ కావాలంటే ఆల్జినేట్‌ని కాల్షియంలో కాకుండా అల్యూమినియంలో వదలమన్నారు. పటిక కరిగించి అందులో చుక్కలు వదిలాం. పూసలు కాల్షియం వాటికంటే గట్టిగా, కాస్త తెల్లగా వచ్చాయి. అదే బోరు నీళ్లలో రాత్రంతా ఉంచాం. పొద్దున కిట్ పెడితే ఫ్లోరైడ్ రంగు బాగా తగ్గిపోయింది! దాదాపు మంచి నీళ్ల గడి దగ్గరకి వచ్చేసింది. ముగ్గురం ఎగిరి గంతేశాం. నాయనమ్మ మాత్రం గ్లాసులో పూసలు చూసి "పాయసం ఎప్పుడు చేస్తార్రా" అంది.

వంటింటి వాణి
శభాష్ నాన్నా!

రిటైర్డ్ ఏఈ
శభాష్ నేనూ అంటా, కానీ ఒక్క నిమిషం ఆగు. ఆ కిట్‌లో ఏముంది? జిర్కోనియం, రంగు కలిపిన మందే గదా? ఫ్లోరైడ్ వెళ్లి జిర్కోనియాన్ని పట్టుకుంటే రంగు మారుతుంది, దాన్ని చూసి మనం లెక్క చెప్తాం. నీ పూసల్లోంచి అల్యూమినియం నీళ్లలోకి కారితే, ఫ్లోరైడ్ ముందు దాన్నే గట్టిగా పట్టుకుంటుంది. కిట్‌కి చిక్కదు. ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉంటుంది, కిట్ మాత్రం లేదంటుంది. మా డిపార్ట్‌మెంట్‌లో పటిక వేసిన నీళ్ల రిపోర్టుల్లో ఇదే చిక్కు ఎన్నోసార్లు చూశా.

నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ల నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ వేసి ఫ్లోరైడ్ దించినప్పుడు కూడా మిగిలిన అల్యూమినియం మీద కన్నుండాలి. బీఐఎస్ ప్రకారం అల్యూమినియం లీటరుకి 0.03, ఎంత లేదన్నా 0.2 మి.గ్రా. దాటకూడదు.

ఫ్లోరైడ్‌ని నేరుగా కొలిచే ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్ వెతుక్కో. టైసాబ్ అనే ద్రావణం కలిపి కొలుస్తారు, అది అల్యూమినియం చేతిలో ఇరుక్కున్న ఫ్లోరైడ్‌ని విడిపిస్తుంది. అప్పుడు వచ్చేది అసలు లెక్క.

కనిగిరి కుర్రోడు
సార్, గుండె జారిపోయింది.

ఒంగోలు అక్క
జారనీయకు. ఆ ప్రశ్న వైవాలో వాళ్లు అడక్కముందే నువ్వే చెప్తే మార్కులు పూసలకి కాదు, నీకు పడతాయి. పూసల్ని వాడేముందు మంచి నీళ్లతో నాలుగైదుసార్లు కడుగు. గొలుసుకి పట్టుకోకుండా ఊరికే ఉన్న అల్యూమినియం అప్పుడే పోతుంది. కడిగిన పూసలతో ఒకటి, కడగనివాటితో ఒకటి, పూసలు లేకుండా ఒకటి, మూడు గ్లాసులు పెట్టు. పీహెచ్ కూడా రాసుకో. పటిక నీళ్లని పులుపు చేస్తుంది, పులుపులో అల్యూమినియం ఎక్కువ కరుగుతుంది.

కనిగిరి కుర్రోడు
పది రోజుల తర్వాత రాస్తున్నా. ఒంగోలులో ఒక ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌తో కొలిపించాం. సార్ చెప్పిందే నిజం. కడగని పూసల గ్లాసులో కిట్ చూపించినంత తగ్గలేదు, కిట్ మమ్మల్ని బోల్తా కొట్టించింది. కడిగిన పూసల గ్లాసులో మాత్రం నిజంగానే తగ్గింది. కానీ 1.5 గీత కిందకి దిగలేదు. రెండో రోజు అవే పూసలు కొత్త నీళ్లలో వేస్తే మొదటి రోజు పట్టినంత పట్టలేదు. అల్యూమినియం కొలిచే ఏర్పాటు ఆ ల్యాబ్‌లో లేదు, అందుకని ఆ నీళ్లు ఎవరికీ తాగనివ్వలేదు. రిపోర్టులో ఇదంతా ఉన్నదున్నట్టు రాశాం. టైటిల్‌లో "తొలగింపు" కొట్టేసి "తగ్గింపు" అని పెట్టాం.

స్టేటస్ కూడా తీసేశా దర్శి అన్నా.

దర్శి డౌటు
ఇప్పుడు మళ్లీ పెట్టొచ్చు తమ్ముడూ, మూడు గ్లాసుల ఫొటో.

రిటైర్డ్ ఏఈ
వాడేసిన పూసలు ఏం చేశావు? పెరట్లో పారబోయలేదు గదా.

కనిగిరి కుర్రోడు
లేదు సార్, సీసాలో వేసి మూతపెట్టి ల్యాబ్‌లో ఇచ్చేశాం. ఎక్కడికి పంపాలో మేడంకి కూడా తెలియలేదు. ప్రస్తుతానికి బీరువా పైన ఉంది.

ఉదయగిరి నుంచి
ఇప్పటిదాకా చదువుతూనే ఉన్నా, రాయడం ఇదే మొదలు. మా ఊళ్లోనూ పళ్లు గారపట్టిన పిల్లలు బడికొకరు కాదు, బెంచీకొకరు. వచ్చే వారం కనిగిరి మీదగా వస్తున్నా. మా బోరు నీళ్లు ఒక గాజు సీసాలో పట్టి తెస్తే ఆ ఎలక్ట్రోడ్ ల్యాబ్‌కి చేర్చగలవా తమ్ముడూ?

రిటైర్డ్ ఏఈ
గాజు వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలబడుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకుని, అదే బోరు నీళ్లతో మూడుసార్లు తొలిచి, నిండా పట్టండి. మీద ఊరి పేరు, తేదీ రాయండి.

కనిగిరి కుర్రోడు
తీసుకురండి అన్నా, బస్టాండ్‌కి నేనొస్తా. ఏ బస్సో, ఎన్ని గంటలకో విడిగా మెసేజ్ పెట్టండి.